బావిలో పోగుంట

కార్డు శుక్రవారం సాయంత్రం వచ్చింది. పుస్తకం సోమవారం పొద్దున మెషీనెక్కాలి. శనివారం మూడుసార్లు ప్రెస్సు దాకా వెళ్ళి, మూడుసార్లూ ఏమీ చెప్పకుండా తిరిగొచ్చాను. "కాలుగాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు? వెళ్ళేదేదో వెళ్ళి చూసి రండి" అంది మా ఆవిడ. ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకే చెప్పులేసుకున్నాను.

ఇది 2002 జూలై సంగతి. మీరు చదువుతున్న ఈ పుస్తకంలో మూడో అధ్యాయం మొదట ఇది కాదు. గుంటూరు నుంచి పొద్దున బస్సెక్కి, రాళ్ళు చూసి, రాత్రి భోజనానికి ఇంటికి చేరగలిగే పద్నాలుగు యాత్రలు రాశాను. అందులో మూడోది ఒంగోలు దగ్గర ఒక పొలంలో బావి. దాని గురించి పదకొండు పేజీలు, ఒక ఫొటో, చివర నా గొప్పలు కొన్ని. కార్డు దాని గురించే.

"సార్, నమస్కారం. మీరు రాళ్ళ యాత్రల పుస్తకం వేస్తున్నారని తెలిసింది. అందులో మా బావి ఉంటే, ఒక్కసారి వచ్చి చూసి వెయ్యండి. ఆదివారం ఇంటి దగ్గరే ఉంటాను." అంతే. కింద సంతకం, "డి. మస్తాన్, బి.ఎస్సీ. రెండో సంవత్సరం" అని. మస్తాన్ నా దగ్గర రెండో సంవత్సరం చదివి తొమ్మిదేళ్ళయింది. మూడో సంవత్సరం చదవలేదు. ఎందుకు చదవలేదో నాకు తెలుసు. తెలిసీ ఇన్నాళ్ళు తెలియనట్టు ఉన్నాను. రెండు రాత్రులు నిద్ర పట్టనిది అందుకే.

బస్టాండులో ఒంగోలు ఎక్స్‌ప్రెస్ అయిదుంబావుకి కదిలింది. వెనక చక్రం మీది సీటు దొరికింది. పక్కన ఒక రైతు, ఒళ్ళో గుడ్డసంచి, సంచిలో పత్తివిత్తనాల ప్యాకెట్లు. చిలకలూరిపేట దాటాక ఏదో ఊరికి వెళ్ళాలట.

"రెండోసారి వేస్తున్నానండి" అన్నాడు నేను అడక్కుండానే. "జూన్లో ఒక వాన పడితే ఆశపడి వేశాం. తరవాత చినుకు లేదు. మరి తమరేం పండిస్తారు?"

"రాళ్ళండి. రాళ్ళ పాఠం చెప్పేవాణ్ణి."

"నయం. వాటికి వాన అక్కర్లేదు" అన్నాడు నవ్వకుండా, కిటికీలోంచి మబ్బులేని ఆకాశం చూస్తూ.

బావి ఎందుకంత గొప్పదో ఇక్కడే చెప్పేస్తాను. నేల కింద రాయి ఒకదాని మీద ఒకటి పొరలుగా ఉంటుందని మనందరికీ తెలుసు. నది తెచ్చిన ఇసుకా, సముద్రం పరిచిన బురదా గట్టిపడి రాయవుతాయి. పాత పొర కింద, కొత్త పొర పైన. పుస్తకంలో పేజీల్లాగే అన్నమాట. కానీ ఆ పుస్తకంలో అన్ని పేజీలూ ఉండవు. ఒక్కోచోట నూరో పేజీ తరవాత ఏకంగా తొమ్మిది వందలవ పేజీ వస్తుంది. ఆ బావిలో అడుగున ఉన్న నల్లరాయి వందకోట్ల ఏళ్ళు పైబడినది. దాని నెత్తిన కూర్చున్న గులకరాళ్ళ పొర, ఇసుకరాయి సుమారు పదమూడు కోట్ల ఏళ్ళనాటివి. రెంటికీ మధ్య ఒక గీత. గీత మీద వేలు పెడితే వేలి కింద ఎనభై తొంభై కోట్ల ఏళ్ళు పోయి ఉంటాయి.

దీనికి ఇంగ్లీషులో ఒక మాట ఉంది. తెలుగులో నేనొకటి కూర్చాను, 'విషమ విన్యాసం' అని. ప్రెస్సులో కంపోజ్ చేసే ఆయన దాన్ని రెండుచోట్ల 'విషపు విన్యాసం' చేశాడు. దిద్దమంటే, "మాటే అలా ఉంది సార్, నా తప్పేముంది" అన్నాడు. కోపం వచ్చింది గానీ, ఆ మాట నా నోటికే ఇంకా పట్టలేదు.

ఆరుంబావుకి చిలకలూరిపేట. బస్సు పది నిమిషాలు ఆగుతుందన్నారు. స్టాండు ఎదుట బండి మీద నాలుగు ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఇక్కడే తినండి, తరవాత మేదరమెట్ల దాకా తినదగ్గది లేదు. నేను మాత్రం మూడో ఇడ్లీ దగ్గరే లేచి బస్సు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను.

హైవేని నాలుగు వరసలు చేస్తున్నారు. మార్టూరు దాటాక బస్సు పక్క మట్టిరోడ్డు మీదికి దిగి, లారీల వెనక ఆగిపోయింది. అయిదు నిమిషాలు చూశాను, పది చూశాను. ఇక కూర్చోలేక దిగి, ముందుకి నడక సాగించాను. రోడ్డు కోసం కోసిన గట్టులో నల్లరేగడి కింద తెల్లటి సున్నపు కంకర బారుగా కనిపిస్తోంది. ఇంకోరోజయితే ఆగి చూసేవాణ్ణి. అర కిలోమీటరు నడిచాక బస్సు వెనకనుంచి వచ్చి పక్కన ఆగింది. కండక్టరు తలుపు తీసి, "ఏం మాస్టారూ, మాకంటే ముందు చేరతారా? ఎక్కండి" అన్నాడు. సిగ్గుపడి ఎక్కాను.

మిగతా దారంతా మస్తాన్ సంగతే తలచుకుంటూ కూర్చున్నాను.

ఆ బావిని 1988లో కనిపెట్టింది నేనే, అంటే కనిపెట్టాననుకున్నది నేనే. 1998లో రిటైరయ్యేదాకా ఏటా రెండో సంవత్సరం పిల్లల్ని బస్సులో తీసుకొచ్చేవాణ్ణి. బావి పెద్దది, లోపల నీటికి పైన నడుమెత్తున రాతి అరుగు. పిల్లలూ నేనూ ఆ అరుగు మీద వరసగా నిలబడేవాళ్ళం. పొద్దుటి ఎండ ఎదురుగా పడమటి గోడ మీద పడి, గులకరాళ్ళ వరస ముత్యాల్లా మెరిసేది. "చూడండి, కింద పెద్దరాళ్ళు, పైకి పోయేకొద్దీ చిన్నవి. నది వేగం తగ్గుతూ ఎలా పరిచిందో చూడండి" అనేవాణ్ణి. ఆ గోడ మీద ఎవర్నీ సుత్తి వెయ్యనిచ్చేవాణ్ణి కాదు. ఇంత అరుదైన గీత పాడైపోతుందని నా భయం. పన్నెండు గంటలకల్లా అందర్నీ పైకెక్కించి ఒంగోలులో భోజనానికి తోలేవాణ్ణి. ఎక్కడా గంటన్నర మించి ఉండలేని జాతకం నాది.

1993లో ఒక కుర్రాడు చెయ్యెత్తి లేచాడు. సన్నగా, పొడుగ్గా, నీలం చొక్కా. "సార్, ఆ గోడ మా తాత పేర్చింది సార్" అన్నాడు. ఆ బావి వాళ్ళదేనని నాకు అప్పటిదాకా తెలియదు. నాకు నవ్వొచ్చింది. "అలాగా? అయితే మీ తాత వయసెంత నాయనా, పదమూడు కోట్లా?" అన్నాను. నలభైమంది ఒక్కసారి నవ్వారు. బావి కదా, నవ్వు నాలుగు గోడలకీ తగిలి మళ్ళీ పైనుంచి పడింది. అతను ఇంకా ఏదో అనబోయి, నోరు మూసుకుని నిలబడ్డాడు. మర్నాటినుంచి కాలేజీలో అతని పేరు 'పదమూడు కోట్లు' అయింది. నెల తరవాత హాజరు పట్టీలో అతని పేరు ఎదుట అన్నీ ఖాళీ గళ్ళే. ఏడాది చివర ఎర్ర సిరాతో పేరు కొట్టేశాను. ఎందుకు రావడం లేదని ఎవర్నీ అడగలేదు.

గుండ్లకమ్మ వంతెన మీద బస్సు వెళ్తుంటే కిందికి చూశాను. నది ఎండిపోయి ఉంది. ఇసుకలో గులకరాళ్ళు, కోడిగుడ్డంతవీ, నిమ్మకాయంతవీ. ఆ రాళ్ళని ఇరవైసార్లు చూసుంటాను. ఆ రోజు మొదటిసారి వాటిని చూస్తే బావిలో పడమటి గోడ గుర్తొచ్చింది.

వంతెన దాటాక మూడో స్టేజీలో దిగాలి. ఎనిమిదీ నలభై అయింది. అక్కడ్నించి ఊరికి షేర్ ఆటో, మనిషికి నాలుగు రూపాయలు. డ్రైవరు పాల క్యాన్ల మధ్య నాకు చోటిచ్చాడు.

"ఎవరింటికండీ?"

"మస్తాన్ గారింటికి."

"మా ఊళ్ళో అయిదుగురు మస్తాన్లున్నారండి. చికెన్ మస్తానా, టైలర్ మస్తానా..."

"దూదేకుల మస్తాన్. పొలంలో పెద్ద బావి ఉంటుంది."

"ఓ, పదమూడు కోట్ల మస్తానా" అన్నాడు తేలిగ్గా, గేరు మారుస్తూ.

ఆ పేరెందుకొచ్చిందని అడిగాను. "ఏమోనండి, చిన్నప్పుడు కాలేజీలో లాటరీ ఏదో కొన్నాడంటారు. తగల్లేదులెండి, ఇప్పుడు బోరు బండి మీద చేస్తున్నాడు" అన్నాడు. నేను బావిలో వేసిన జోకు కాలేజీ దాటి, అరవై మైళ్ళు ప్రయాణం చేసి, ఇక్కడ ఇల్లు కట్టుకుని ఉంది.

మస్తాన్ ఊరి మొదట్లోనే నిలబడి ఉన్నాడు. లావయ్యాడు. చేతులకి గ్రీజు మరకలు. "రండి సార్" అన్నాడు. పొలం దాకా నడిచాం. నేనేదో వానల గురించి మాట్లాడాను. అతను ఊఁ కొట్టాడు.

బావిలోకి దిగేసరికి తొమ్మిదిన్నర. ఈ ఏడు కరువు కాబట్టి నీళ్ళు అరుగుకి చాలా కిందికి పోయాయి. పడమటి గోడ ఎప్పటిలాగే ఎండలో మెరుస్తోంది. అరుగు మీదుగా చుట్టూ నడిచి గోడ దగ్గరికి చేరాం. మస్తాన్ నడుముకి దోపుకున్న సుత్తి తీసి నా చేతికిచ్చాడు.

"కొట్టండి సార్."

పదకొండేళ్ళు ఎవర్నీ కొట్టనివ్వని గోడ. రెండు దెబ్బలు వేశాను. గులకరాళ్ళ మీద బావినీటి సున్నం పేరుకుని రాయిలాగే గట్టిపడి ఉంది. మూడో దెబ్బకి ఒక గుప్పెడు రాళ్ళు ఊడి అరుగు మీద పడ్డాయి. వాటి వెనక మెత్తటి బంకమట్టి. మట్టిలో వేలెడంత ఎర్రటి ముక్క. తీసి తుడిచాను. ఇంటికప్పు పెంకు ముక్క, ఒక వంపుతో సహా.

పదమూడు కోట్ల ఏళ్ళ నాడు పెంకుటిళ్ళు లేవు.

"డెబ్బయ్యేడులో పెద్ద తుఫాను వచ్చిన ఏడాది ఈ పక్క కూలిపోయింది సార్" అన్నాడు మస్తాన్. "మా తాత నాగుల్ మీరా తాపీపని చేసేవాడు. గుండ్లకమ్మ నుంచి బండి మీద గుండ్లు తోలి పేర్చాడు. పెద్దవి అడుక్కి, చిన్నవి పైకి. అలా అయితేనే నిలబడుతుందని ఒక్కోటీ ఏరి పెట్టాడు."

నది వేగం అని నేను పాఠం చెప్పింది ఒక ముసలాయన పనితనం గురించి. ఎంతమందికి చెప్పాను. పరీక్షలో ఎంతమంది ఆ బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నారు. ఇక నాకక్కడ ఒక్క నిమిషం నిలబడబుద్ధి కాలేదు. "సరే మస్తాన్, నువ్వు చెప్పిందే నిజం. అధ్యాయం తీసేస్తాను. పదకొండింటికి ఆటో ఉందా?" అన్నాను మెట్లవైపు నడుస్తూ.

"ఉంది సార్. కానీ పొద్దు వాలేదాకా ఉండండి."

"ఎందుకు?"

"ఉండండి సార్" అన్నాడు మళ్ళీ. వద్దనడానికి నాకు మొహం చెల్లలేదు.

మధ్యాహ్నం దాకా నాలుగు గంటలు. కూర్చోలేను, పడుకోలేను. పొలంలో మస్తాన్ వాళ్ళమ్మ కాశింబీ పత్తిచేలో పని చేస్తుంటే వెళ్ళి గట్టున నిలబడ్డాను. చంకన నీళ్ళ బిందె, కొంగులో విత్తనాలు. సాళ్ళ వెంట వంగి నడుస్తూ, మొక్క లేనిచోట వేలితో గుంట తీసి, రెండు గింజలేసి, గ్లాసుడు నీళ్ళు పోస్తోంది.

"ఏం చేస్తున్నారమ్మా?"

"పోగుంటలు నింపుతున్నానయ్యా" అంది తలెత్తకుండా.

"పోగుంటలంటే?"

ఈసారి తలెత్తి చూసింది. ఇంత వయసొచ్చి ఇది కూడా తెలియదా అన్నట్టుంది చూపు. "సాల్లో మొక్క ఉండాల్సిన చోట ఉండదు చూడు, అది పోగుంట. సాలు ఇట్టా వస్తా వస్తా ఇక్కడ లేదు. మళ్ళీ అక్కడ ఉంది."

"గింజ మొలవలేదన్నమాట."

"అట్టా ఎట్టా చెబుతావయ్యా చూడకుండా?" అని, ఒక ఖాళీలో మట్టి గోకి చూపించింది. "ఇదిగో, ఇక్కడ ఏమీ లేదు. ఇక్కడ గింజే పళ్ళేదు. మనిషి చేతిలోంచి జారలా." నాలుగడుగులు వేసి ఇంకోచోట గోకింది. నల్లటి గింజపొట్టు ఒకటి, దానికి అంటుకుని ఎండిన దారంలాంటి వేరు. "ఇది చూడు. ఇది పడింది, మొలిచింది, మొలిచినాక పోయింది. పైనుంచి చూస్తే రెండూ ఒకటే మాదిరి ఉంటయి. గింజ పడకపోతే మనిషి తప్పు. మొలిచి పోతే కాలం తప్పు."

నేను గట్టు మీద కూలబడ్డాను. ఇరవై రెండేళ్ళు పాఠం చెప్పి, అరపేజీ వాక్యాల్లో నేను చెప్పలేకపోయింది ఆవిడ వేలితో మట్టి గోకి చెప్పేసింది. రాతిపొరల్లో ఖాళీ వచ్చేది కూడా సరిగ్గా ఈ రెండు రకాలుగానే. నేల ఎత్తుగా లేచి ఉన్న కాలంలో నీరు దాని మీదికి రాక, ఏ పొరా పడదు. లేదా పొరలు పడి, రాయి కూడా అయి, తరవాత నేల లేచినప్పుడు వానలూ ఏర్లూ వాటిని కోసుకుపోతాయి. పైనుంచి చూస్తే రెండూ ఒకే గీత. ఏది జరిగిందో గోకి చూడాల్సిందే. గోకినా ఒక్కోసారి తెలియదు.

విషమ విన్యాసాన్ని ఆ గట్టు మీదే పాతిపెట్టాను. పోగుంట అన్నాను లోపల రెండుమూడుసార్లు. నోటికి ఇట్టే పట్టింది.

అప్పుడే ఇంకోటి కూడా తట్టింది. హాజరు పట్టీలో మస్తాన్ పేరు ఎదుట ఖాళీ గళ్ళు. వాడికి చదువు మీద ఆసక్తి లేదని, అంటే గింజే పడలేదని, స్టాఫ్‌రూములో నేనే అన్నాను. నలభైమందిలో తన కళ్ళతో గోడని చూసి మాట్లాడింది వాడొక్కడే. మొలిచింది. మొలిచాకే పోయింది. దానికి కాలం తప్పేమీ లేదు.

పన్నెండింటికి అన్నం పెట్టారు. గోంగూర పచ్చడి, కోడిగుడ్ల పులుసు, గడ్డపెరుగు. మస్తాన్ పక్కన కూర్చుని తిన్నాడు గానీ తన గురించి ఏమీ చెప్పలేదు. నేనే అడిగాను బోరు బండి పని గురించి. అప్పుడు కాస్త మొహం విప్పాడు. బోరు దిగేటప్పుడు ప్రతి రాడ్డుకీ బయటికొచ్చే రాతిపొడిని ఒక్కో కుప్పగా పెట్టి చూస్తాడట. "రంగు మారిన కుప్ప దగ్గర నీళ్ళు పడతయ్ సార్ ఎక్కువసార్లు. రెండు రాళ్ళు కలిసే చోట ఊట ఉంటది" అన్నాడు. నేను నమిలేది ఆపాను. అతను నా వైపు చూడకుండా పులుసు కలుపుకుంటున్నాడు.

ఒంటిగంటన్నరకి మళ్ళీ బావిలో దిగాం. ఎండ దిక్కు మారింది. పడమటి గోడ నీడలోకి పోయింది. నేనూ నా పిల్లలూ పదకొండేళ్ళు వీపు ఆనించి నిలబడిన తూర్పు గోడ మీద వెలుతురు పడుతోంది. ఆ గోడని నేను ఎన్నడూ చూడలేదు. దానివల్ల నాకు తెలిసిందల్లా చొక్కా వీపున తడిసేదని. ఏటా ఒంగోలు హోటల్లో తడి చొక్కాతోనే భోజనం చేసేవాణ్ణి. బావి కదా, చెమ్మ ఉంటుందనుకున్నాను.

కరువులో కూడా అక్కడ ఊట సన్నగా కారుతోంది, ఒకే గీత వెంబడి. గీత కింద నల్లరాయి పైభాగం తెల్లబడి, గోటితో నొక్కితే పిండిలా రాలుతోంది. అంటే ఆ రాయి ఒకప్పుడు ఆకాశం కింద, ఎండకీ వానకీ కోట్ల ఏళ్ళు మాగి ఉంది. గీత పైన గులకరాళ్ళు, ఏ వరసా లేకుండా, పెద్దవీ చిన్నవీ కలిసిపోయి, కింది రాయి గుంటల్లోకి దిగి. వాటిలో కింది నల్లరాయి తునకలు కూడా ఉన్నాయి. సుత్తి వేస్తే గులకరాయి ఊడిరాలేదు, నడిమికి పగిలింది. దాని మీద ఇసుకరాయి. నేను ఇరవై రెండేళ్ళు పుస్తకాల్లో చదివిన గీత, అసలైన గీత, నా వీపుకి జానెడు దూరంలో.

ఏడుపొచ్చింది. దాచుకోలేదు. మస్తాన్ పైకి చూస్తూ నిలబడ్డాడు.

"ఇది నీకెప్పుడు తెలుసు?"

"మోటారు ఫుట్‌వాల్వు బిగించేటప్పుడు చిన్నప్పటినుంచి చూస్తున్నదే సార్. మా అమ్మ ఊట అంటది. మీ క్లాసులో కూర్చున్నాక అది ఏమిటో తెలిసింది."

రెండున్నరకి ఆటో కోసం రోడ్డు మీదికి వచ్చాం. "తప్పు నాదే మస్తాన్. ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది" అన్నాను.

"ఆ రోజు నేను రెండు మాటలు చెబుదామని లేచాను సార్. మొదటిది, ఆ గోడ మా తాత పేర్చిందని. రెండోది, అసలుది మీ వెనకాల ఉంది, ఒక్కసారి తిరిగి చూడమని. మొదటిది చెప్పాక అందరూ నవ్వారు. రెండోది లోపలే ఉండిపోయింది."

"తరవాతయినా చెప్పొచ్చుగా నాతో?"

"తరవాత మీరు అడగలేదు సార్."

ఆటో వచ్చింది. ఎక్కాక తల బయటికి పెట్టి, "ఇది చూపించింది నువ్వేనని పుస్తకంలో వేస్తాను. పేరు పక్కన ఏం వెయ్యమంటావు?" అని అడిగాను. "ఆలోచించి రాస్తా సార్" అన్నాడు.

ఒంగోలు స్టేషన్‌కి మూడున్నరకి చేరాను. తిరుగు ప్రయాణానికి రైలే మంచిది, హైవే దుమ్ము తప్పుతుంది. ప్యాసింజరు తెనాలి దాకా, అక్కడ గుంటూరుకి మారాలి. నాలుగూ పదికి రావలసింది ముప్పావుగంట ఆలస్యం. ప్లాట్‌ఫారం ఈ చివరనుంచి ఆ చివరికి ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. టీ అమ్మేవాడు మూడోసారికి గ్లాసు అందించడం మానేసి, "కూర్చోండి సార్, మీరు తిరిగితే బండి తొందరగా రాదు" అన్నాడు.

చీరాల దాటాక కిటికీ పక్క చోటు దొరికింది. సంచిలోంచి మూడో అధ్యాయం ప్రూఫులు తీసి, పదకొండు పేజీలకీ అడ్డంగా గీత కొట్టేశాను. ఎదుటి సీట్లో ఒక పెద్దావిడ చూస్తూనే ఉంది. "అన్నీ తప్పులేనా బాబూ?" అంది.

"ఒకటే తప్పమ్మా. అన్ని పేజీల్లో ఉంది."

తెల్లకాగితం మీద మళ్ళీ మొదలుపెట్టాను. ఈ బావికి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. పొద్దున వెళ్ళినా సరే, పొద్దు వాలేదాకా ఉండండి. పడమటి గోడ కూడా చూడండి. అది నది పరిచింది కాదు, ఒక తాపీమేస్త్రి ఏరి ఏరి పేర్చింది. పాతికేళ్ళుగా ఒక్క రాయి కదల్లేదు, నేను కదిల్చినవి తప్ప. తరవాత వెనక్కి తిరిగి తూర్పు గోడ చూడండి. ఊట కారే గీత మీద చెయ్యి పెట్టండి. అది పోగుంట. అక్కడ పడనిదెంతో, పడి పోయిందెంతో ఎవరికీ తెలియదు.

ఆఖర్న 'చూపించినవారు: డి. మస్తాన్' అని రాసి, పక్కన చోటు వదిలాను. తెనాలి వచ్చేదాకా ఆ ఖాళీ వైపే చూస్తూ కూర్చున్నాను. నేను అంతసేపు కదలకుండా కూర్చున్న రైలు ప్రయాణం ఇంకోటి గుర్తులేదు.

సోమవారం మెషీన్ ఆపించాను. ప్రెస్సువాళ్ళు విసుక్కున్నారు, విసుక్కోనీ అనుకున్నాను. శుక్రవారం కార్డు వచ్చింది. ఈసారి ఒకటే వాక్యం. దాన్ని అక్షరం మార్చకుండా ఈ అధ్యాయం చివర వేయించాను.

చూపించినవారు: డి. మస్తాన్, నాగుల్ మీరా మనవడు.